మోరా కంపానియన్ కత్తి: రెండేళ్ళు వాడాక నా రివ్యూ

అడవిలో క్యాంపింగ్‌కి ఏ కత్తి తీసుకెళ్ళాలి అని అడిగేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఒకటే, పెద్దది కొనకండి. నేను మొదట కొన్నది మోచేతంత పొడుగు, వెనక రంపం పళ్ళు, పిడి లోపల బోలు, అందులో అగ్గిపుల్లలు దాచుకోవచ్చు. రెండో ట్రిప్‌కే బ్లేడ్ పిడి దగ్గర ఊగడం మొదలుపెట్టింది, లోపల బోలైతే బ్లేడ్‌కి పట్టు ఎక్కడుంటుంది?

ఇప్పుడు వాడేది స్వీడన్‌లో తయారయ్యే మోరా కంపానియన్, స్టెయిన్‌లెస్‌ది. బ్లేడ్ పది సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ, మందం 2.5 మిల్లీమీటర్లు. చూడగానే ఇంతేనా అనిపిస్తుంది గానీ క్యాంపులో మనం నిజంగా చేసే పనులేంటి, తాడు కొయ్యడం, కూరగాయలు తరగడం, టెంట్‌కి కర్ర మేకులు చెక్కడం, వానకి తడిసిన కట్టెని పైన చెక్కేసి లోపలి పొడి చెక్కని ఈకల్లా పల్చగా లేపి మంట అంటించడం, వీటన్నిటికీ చిన్న కత్తే చెప్పినట్టు వింటుంది. పిడి రబ్బరులా ఉంటుంది, తడి చేత్తో పట్టుకున్నా జారదు.

నాకు అన్నిటికంటే నచ్చింది సాన పట్టడం. స్కాండీ గ్రైండ్ అంటారు, రెండు వైపులా ఒక్కో వెడల్పాటి వాలు ఉంటుంది, ఆ వాలుని రాయికి ఆనించి రుద్దితే చాలు, కోణం కుదిరిందా లేదా అన్న బెంగే లేదు. ఇది చిన్న విషయం కాదండీ, మొద్దుబారిన కత్తిని బలం పెట్టి నొక్కుతాం, అది జారి చేతిమీదకే వస్తుంది.

ఇదే కత్తి కార్బన్ స్టీల్‌లోనూ ఉంది, పదును తొందరగా ఎక్కుతుంది కానీ తడితో ఒరలో పెట్టేస్తే తుప్పు పడుతుంది, వాడాక తుడిచి కాస్త నూనె రాసే ఓపికుంటేనే తీసుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి, ఇది ఫుల్ టాంగ్ కాదు, అంటే బ్లేడ్ ఇనుము పిడి చివరిదాకా రాదు. బొటనవేలంత పుల్లలు చీల్చుకోవచ్చు, మొద్దులో దించి పైనుంచి దుడ్డుకర్రతో బాదడానికి మాత్రం కాదు. అలాంటి పనులుంటే ఇదే కంపెనీ గార్బర్గ్ చూడండి, 3.2 మిల్లీమీటర్ల మందం, ఫుల్ టాంగ్, బ్లేడ్ వీపు అంచు కూడా పదునుగా ఉంటుంది కాబట్టి ఫెర్రో రాడ్ (మంట అంటించడానికి వాడే లోహపు కడ్డీ) గీకితే నిప్పురవ్వలు బాగా వస్తాయి. బరువూ ధరా రెండూ పెరుగుతాయి మరి. మడతకత్తి జేబులో పట్టేస్తుంది నిజమే, కానీ మడత దగ్గర మట్టీ ఇసుకా చేరుతుంది, గట్టిగా వాడితే ముందు వదులయ్యేదీ అక్కడే.

కొనేముందు మీరు వెళ్ళే చోట కత్తి దగ్గర పెట్టుకోవడానికి రూల్స్ ఏమున్నాయో కనుక్కోండి, విమానంలో అయితే చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి.