పదివేలలో పోరు రోబో: చౌక భాగాల్లో ఏవి నిలుస్తాయి, ఏవి కాలిపోతాయి

రోబోలు ఒకదాన్నొకటి ఢీకొట్టే పోటీల్లో 1.36 కిలోల హద్దున్న బీటిల్‌వెయిట్ తరగతికి సరిపోయే చౌక భాగాల సమీక్ష ఇది. రోబో సాదాసీదాది: రెండు చక్రాలు, ముందు నిలువుగా తిరిగే ఒక ఉక్కు డిస్క్. ఈ భాగాలన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. హైదరాబాద్‌లో అయితే ఎలక్ట్రానిక్స్ కోఠి గుజరాతీ గల్లీలో, బేరింగులు, బోల్టులు రాణిగంజ్‌లో చేత్తో చూసి కొనుక్కోవచ్చు. మొత్తం ఖర్చు సుమారు పదివేలు.

ఒక మాట ముందే చెప్పాలి. చౌక మోటారు చెడిపోవడానికి కారణం చాలాసార్లు దాని ధర కాదు, దెబ్బ నేరుగా దాని షాఫ్ట్ మీద పడేలా బిగించడం. బిగింపు మార్చితే నాలుగు వందల మోటారు కూడా పోరులో నిలుస్తుంది. రేడియో, బ్యాటరీ, తీగల విషయంలో మాత్రం ఈ మాట చెల్లదు. అక్కడ డబ్బు పెట్టాల్సిందే.

ఆయుధానికి, అంటే డిస్క్ తిప్పడానికి, ఏ2212 బ్రష్‌లెస్ మోటారు, 1000 కేవీ (ఒక్కో వోల్టుకు 1000 ఆర్‌పీఎం) రకం తీసుకోండి. మోటారు వేగాన్ని అదుపు చేసే 30 ఆంపియర్ల ఈఎస్‌సీతో కలిపి వెయ్యి లోపే వస్తుంది. బరువు 50 గ్రాములు, షాఫ్ట్ 3.17 మి.మీ. డ్రోన్ ఫ్యాన్ తిప్పడానికి చేసిన మోటారు కాబట్టి పక్క దెబ్బలకు తట్టుకోదు. డిస్క్‌ను నేరుగా దీని షాఫ్ట్‌కు బిగిస్తే మొదటి గట్టి దెబ్బకే షాఫ్ట్ వంగుతుంది. బెల్ (మోటారులో తిరిగే పై డొప్ప) లోపల జిగురుతో అంటించిన అయస్కాంతాలు ఊడి స్టేటర్‌కు (తీగ చుట్టలున్న కదలని భాగానికి) రాసుకుంటాయి, షాఫ్ట్‌ను పట్టి ఉంచే కింది సర్‌క్లిప్ ఎగిరిపోతుంది. ఇది మోటారు లోపం కాదు.

డిస్క్‌కు సొంత ఇరుసు ఇవ్వండి. కదలకుండా బిగించిన 8 మి.మీ. బోల్టు, దాని మీద రెండు 608 బేరింగులు, బేరింగుల మీద డిస్క్. మోటారును వెనక్కి జరిపి, రబ్బరు ఓ-రింగ్‌ను బెల్టులా వేసి డిస్క్‌ను తిప్పండి. బెల్ నున్నగా ఉంటుంది కాబట్టి ఓ-రింగ్ పక్కకు జారుతుంది. అంచులున్న 30 మి.మీ. త్రీడీ ప్రింట్ తొడుగును బెల్‌కు ఎపాక్సీతో అంటించి, డిస్క్ వైపు 60 మి.మీ. పుల్లీ పెడితే వేగం సగమవుతుంది. 3ఎస్ (మూడు సెల్స్, 11.1 వోల్టుల) బ్యాటరీ మీద ఈ మోటారు వేగం లెక్క ప్రకారం 11,100 ఆర్‌పీఎం, డిస్క్ వేగం 5,550. 120 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న మైల్డ్ స్టీల్ డిస్క్ రంధ్రాలు పోను 250 గ్రాములు తూగుతుంది. ఆ వేగంలో అందులో దాదాపు 76 జౌళ్ల శక్తి ఉంటుంది. 3,000 ఆర్‌పీఎం దగ్గర అదే డిస్క్‌లో ఉండేది 22 జౌళ్లే. అందుకే డిస్క్ బరువు పెంచడం కన్నా వేగం తెచ్చుకోవడం మేలు. నిజంగా అందే వేగం లెక్క కన్నా కొంత తక్కువే ఉంటుంది.

దెబ్బ తగిలినప్పుడు ఓ-రింగ్ కాస్త జారుతుంది. ఆ జారుడే మోటారును కాపాడుతుంది. పళ్ల బెల్టు వేస్తే దెబ్బంతా మోటారుకు చేరుతుంది, పళ్లు కూడా ఊడతాయి. ఈ చౌక ఈఎస్‌సీకి సెన్సర్ లేదు కాబట్టి, ఆగి ఉన్న మోటారు ఎటు తిరిగి ఉందో దానికి తెలియదు. బరువైన డిస్క్‌ను నేరుగా తిప్పబోతే మోటారు వణికి, ఈఎస్‌సీ వేడెక్కి కాలిపోతుంది. వేగాన్ని సగానికి తగ్గించినప్పుడు మోటారుకు తెలిసే డిస్క్ జడత్వం నాలుగో వంతవుతుంది, మొదలవడం సులువవుతుంది.

మోటారుతో వచ్చే ఎక్స్ ఆకారపు పట్టీని వాడుకోవచ్చు, కానీ ఎం3 స్క్రూల పొడవు సరిచూడండి. ఎక్కువ పొడవుంటే మొన చుట్టలకు తగిలి ఎనామెల్ గీరుకుపోయి షార్ట్ అవుతుంది. కొత్త మోటారు వాసన వేసి ఆగిపోతే చాలాసార్లు కారణం ఇదే. స్క్రూలు వదులవకుండా పట్టే థ్రెడ్‌లాకర్ జిగురు తప్పనిసరి.

నడక మోటార్లలో పసుపు రంగు బీవో మోటార్లు వద్దు, వాటి ప్లాస్టిక్ గేర్లు ఢీకొంటే విరుగుతాయి. ఎన్20 మోటార్లు మంచివే గానీ అవి 150 గ్రాములు, 454 గ్రాముల చిన్న తరగతులకు సరిపోతాయి. జాన్సన్ గేర్ మోటార్లు గట్టివి, కానీ ఈ తరగతికి బరువెక్కువ. 25జీఏ-370, 12 వోల్టులు, 600 ఆర్‌పీఎం రకం సరిగ్గా సరిపోతుంది. 65 మి.మీ. చక్రంతో సెకనుకు 2 మీటర్ల వేగం వస్తుంది. చక్రాన్ని రోబో పక్క గోడకు ఆనుకునేంత దగ్గరగా పెట్టండి, షాఫ్ట్ ఎంత బయటికొస్తే అంత త్వరగా వంగుతుంది.

నడక మోటార్లను నడిపే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు కొనకండి. చానెల్‌కు 2 ఆంపియర్లే దాని హద్దు, పైగా పాత ట్రాన్సిస్టర్ల వల్ల 2 వోల్టుల దాకా, బరువు పడితే ఇంకా ఎక్కువ, లోపలే వేడిగా పోతుంది. దాన్ని నడపడానికి ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, అందులో సిగ్నల్ పోతే ఆపే కోడ్ కూడా కావాలి. 20 ఆంపియర్ల బ్రష్డ్ (మామూలు డీసీ మోటార్లకు వాడే) ఈఎస్‌సీలు రెండు తీసుకుంటే ఈ తలనొప్పులుండవు, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కు నేరుగా తగిలించవచ్చు. ఒకటి చూసి కొనాలి: కొన్ని కారు ఈఎస్‌సీల్లో స్టిక్ వెనక్కి లాగితే మొదట బ్రేక్, రెండోసారి లాగితేనే రివర్స్. రెండు చక్రాలతో మలుపు తిప్పే రోబోకు అది పనికిరాదు. బ్రేక్ తీసేసే జంపర్ ఉన్నదే కొనండి.

ఖర్చులో దాదాపు సగం ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 రిమోట్, ఐఏ6బీ రిసీవర్‌కే పోతుంది. బొమ్మ కారు రిమోట్‌తో సరిపెట్టాలనిపించినా సరిపెట్టకండి, ఇది తర్వాతి రోబోలకూ పనికొస్తుంది. మెనూలో ఎలివాన్ ఆన్ చేస్తే 1, 2 చానెళ్లు కలిసి కుడి స్టిక్ ఒక్కదానితో రోబో నడుస్తుంది, ఎడమ స్టిక్‌తో చానెల్ 3 మీద ఆయుధం. సిగ్నల్ పోతే ఏం చేయాలో చెప్పే ఫెయిల్‌సేఫ్‌లో చానెల్ 3ను మైనస్ 100కు పెట్టి, డిస్క్ తీసేసి, మోటారు తిరుగుతుండగా రిమోట్ ఆపి చూడండి. మోటారు ఆగకపోతే ఆ రోబోను ఎక్కడా ఆన్ చేయకూడదు.

ఈఎస్‌సీకి థ్రాటిల్ పరిధి నేర్పేటప్పుడూ ఓ-రింగ్ తీసేయాలి. స్టిక్ పూర్తిగా పైకి పెట్టి బ్యాటరీ కలిపి, బీప్‌లు రాగానే కిందికి దించాలి. ఆయుధం వేగానికి రిమోట్‌లో పై హద్దు పెట్టే ఎండ్ పాయింట్‌ను 60 శాతానికి తగ్గించాలనుకుంటే అది ఆ తర్వాతే. ముందే తగ్గిస్తే ఈఎస్‌సీ 60నే పూర్తి అనుకుంటుంది. ఇంకొకటి, ఈఎస్‌సీలన్నింటి నుంచీ 5 వోల్టులు రిసీవర్‌కు వస్తాయి. ఒకదాని ఎర్ర తీగ ఉంచి మిగతావాటివి తీసేయండి. బ్యాటరీని మాత్రం రిసీవర్‌కు నేరుగా కలపొద్దు, అన్ని వోల్టులను రిసీవర్ తట్టుకోదు.

బ్యాటరీ 3ఎస్ 1000 ఎంఏహెచ్ 25సీ (25 ఆంపియర్ల దాకా ఇవ్వగల) లైపో, అంటే లిథియం పాలిమర్, చాలు. సగటున 9 ఆంపియర్లు లాగినా 3 నిమిషాల పోరుకు 450 ఎంఏహెచ్ ఖర్చు. 2200 ఎంఏహెచ్ కొంటే ఆ బరువు కవచం నుంచి తగ్గించుకోవాలి. పాత ల్యాప్‌టాప్ సెల్స్‌తో చేసిన ప్యాక్ వద్దు. డిస్క్ ఊపందుకునేటప్పుడు వోల్టేజ్ కుంగి రిసీవర్ రీసెట్ అవుతుంది. సెల్స్‌ను సమంగా నింపే బ్యాలెన్స్ చార్జర్ తప్పనిసరి. వాడనప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. ఉబ్బిన ప్యాక్‌ను మళ్లీ వాడొద్దు.

బ్రెడ్‌బోర్డ్ జంపర్ తీగలు మొదటి ఢీకే ఊడతాయి. బ్యాటరీకి 16 గేజ్, మోటార్లకు 18 గేజ్ సిలికాన్ తీగలు టంకం వేసి, రిసీవర్ పిన్నుల మీద హాట్ గ్లూ పెట్టండి.

చట్రానికి వంటింటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ చాపింగ్ బోర్డును మించిన చౌక సరుకు లేదు. ఆక్రిలిక్ పగిలి ముక్కలవుతుంది, ఇది దెబ్బను మింగుతుంది. దీనికి మామూలు జిగురు అంటదు, సన్న రంధ్రం వేసి పొడవాటి స్క్రూలతో బిగించాలి. స్క్రూ మొనలు బ్యాటరీ వైపు పొడుచుకు రాకూడదు. 12 మి.మీ. మందం, 40 మి.మీ. ఎత్తున 180 మి.మీ. గోడలు నాలుగు 328 గ్రాములు. 3 మి.మీ. అడుగు, 2 మి.మీ. పాలికార్బొనేట్ మూత కలిపితే 500కు చేరుతుంది. మోటార్లు, డిస్క్, బ్యాటరీ, మిగతావన్నీ కలిశాక స్క్రూలు, తీగలకు 50 గ్రాముల చిల్లరే మిగులుతుంది. ప్రతి భాగాన్నీ వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి రాసుకోండి.

డిస్క్‌ను బాలానగర్, జీడిమెట్ల వైపు లేజర్ కటింగ్ షాపుల్లో కోయించండి, చేత్తో కోస్తే బ్యాలెన్స్ రాదు. మైల్డ్ స్టీల్ పళ్లు ఒకటి రెండు పోరుల్లో మొద్దుబారతాయి కాబట్టి ఒకేసారి మూడు కోయించుకోండి, విడివిడిగా కన్నా ధర కలిసొస్తుంది. బల్ల మీద డిస్క్ తిప్పొద్దు. మందమైన పాలికార్బొనేట్ పెట్టెలోనే, కళ్లద్దాలు పెట్టుకునే పరీక్షించండి. బ్యాటరీ తీగను బయటి నుంచి ఊడదీసేదాకా పెట్టెలో చెయ్యి పెట్టొద్దు. పోటీకి వెళ్లేటప్పుడు సంచిలో ఇంకో ఏ2212, ఇంకో 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, పది ఓ-రింగులు, రెండో బ్యాటరీ, టంకం సామాను ఉండాలి.