లూసియానా డాన్స్ హాళ్ళు: ఎక్కడ దిగొద్దు, ఎక్కడికి తప్పక వెళ్ళాలి

లూసియానాలోని ఓపెలూసస్ అనే ఊళ్ళో ఇల్లు అద్దెకి తీసుకునే ఆలోచన ఉన్నవాళ్ళు ముందు ఇది చదవండి. "జైడెకో డాన్స్ హాలుకి ఐదు నిమిషాల నడక" అని మేం తీసుకున్న ఇంటి ప్రకటనలో రాశారు. జైడెకో అంటే ఇక్కడి నల్లజాతి క్రియోల్ జనం అకార్డియన్‌తో వాయించే డాన్స్ సంగీతం. ఫొటోల్లో హాలు బోర్డు కూడా పెట్టారు. రాత్రికి 109 డాలర్ల చొప్పున రెండు రాత్రులు, క్లీనింగ్ ఫీజు 85, సర్వీస్ ఫీజు 41, పన్నులు 26. మొత్తం 370 డాలర్లు. హ్యూస్టన్ నుంచి కారులో వచ్చి, సామాను లోపల పడేసి, శుక్రవారం రాత్రి నలుగురం ఉత్సాహంగా నడిచి వెళ్ళాం. హాలుకి తాళం. తలుపుకి చెక్కలు కొట్టేశారు. పార్కింగ్ నిండా మోకాలెత్తు గడ్డి.

పక్కింటి వరండాలో కూర్చున్న పెద్దాయన, "అది మూసేసి ఏళ్ళయింది, మీలాగే చాలామంది వస్తుంటారు" అన్నాడు. ఇంటి ఓనరుకి మెసేజ్ పెడితే, ప్రకటన పాతదని, పాటలు కావాలంటే యూట్యూబ్‌లో ఉన్నాయని జవాబు వచ్చింది. మా ఆవిడ ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. బెడ్‌రూమ్ ఏసీ రాత్రంతా గడగడలాడింది. తర్వాత ఫిర్యాదు చేస్తే 40 డాలర్లు వెనక్కి ఇచ్చారు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. జైడెకో రారాజు అనిపించుకున్న క్లిఫ్టన్ షెనియేర్ 1925లో పుట్టింది ఈ ఊరి దగ్గరే. ఫ్రెంచ్ మాట్లాడే నల్లజాతి క్రియోల్ కుటుంబాలు వారమంతా పొలాల్లో కష్టపడి, శనివారం రాత్రి ఇలాంటి చెక్క హాళ్ళలోనే ఆడి పాడాయి. హాలు పోయింది. దాని పేరు మాత్రం ఎవరి ఇంటి అద్దెకో ఎరగా మిగిలింది.

ఈ ప్రయాణం పెట్టుకున్నది మా మామగారి కోసం. తెనాలి దగ్గర పద్యనాటకాలకి ముప్పై ఏళ్ళు హార్మోనియం వాయించారు. ఫోన్‌లో కేజన్ అకార్డియన్ (కేజన్‌లంటే లూసియానాలో స్థిరపడ్డ ఫ్రెంచ్ సంతతివాళ్ళు) విని, "అల్లుడుగారూ, ఇదీ తిత్తీ రీడ్లూ ఉన్న వాయిద్యమే. దగ్గరనుంచి చూడాలి" అన్నారు. అందుకని శనివారం పొద్దున్నే యూనిస్ అనే ఊళ్ళోని సవాయ్ మ్యూజిక్ సెంటర్‌కి వెళ్ళాం. ఓపెలూసస్ నుంచి అరగంట లోపే. మార్క్ సవాయ్ అనే పేరున్న అకార్డియన్ తయారీదారు 1966లో పెట్టిన దుకాణం ఇది. శనివారం ఉదయం ఎవరైనా వాయిద్యం తెచ్చుకుని గుండ్రంగా కూర్చుని వాయించవచ్చు. టికెట్ లేదు.

మామగారు ఒక ముసలాయన పక్కన చేరి, పది బటన్ల ఆ చిన్న పెట్టె వైపే కన్నార్పకుండా చూశారు. ఒకే బటన్ తిత్తి లాగితే ఒక స్వరం, నొక్కితే ఇంకో స్వరం పలుకుతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే ఆయన కనిపెట్టారు. విరామంలో ఆ ముసలాయన పెట్టె తీసి ఈయన ఒళ్ళో పెట్టాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. పావుగంట తర్వాత మామగారు సరిగమలు పలికించారు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. రాత్రి నుంచి ముడుచుకుపోయిన మా ఆవిడ ముఖం అప్పుడు విప్పారింది.

అక్కడినుంచి మామూ ఊరికి ఇరవై నిమిషాలు. ఫ్రెడ్స్ లౌంజ్ అనే చిన్న బారు 1946 నాటిది. శనివారం పొద్దున మాత్రమే తెరుస్తారు. 1962 నుంచి ఇక్కడి పాటల్ని రేడియోలో లైవ్‌గా ప్రసారం చేస్తున్నారు. గది మధ్యలో తాళ్ళు కట్టి బ్యాండుని అందులో నిలబెడతారు. జంటలు దాని చుట్టూ తిరుగుతూ వాల్ట్జ్ ఆడతాయి. పాటలే కాదు, రేడియో ప్రకటనలు కూడా ఫ్రెంచ్‌లో వినిపించాయి. 1921 రాజ్యాంగంతో లూసియానా బడుల్లో ఫ్రెంచ్‌కి చోటు లేకుండా పోయింది. బడిలో ఫ్రెంచ్ మాట్లాడిన పిల్లల్ని దండించేవారు. ఆ భాష ఇళ్ళలో సన్నగిల్లినా పాటల్లో నిలబడిందంటే ఇలాంటి గదుల వల్లే. ప్రవేశం ఉచితం. నాలుగు కూల్ డ్రింకులకి 10 డాలర్లు ఇచ్చి, బ్యాండు డబ్బాలో 20 వేశాం. పదకొండు గంటలు దాటితే నిలబడే చోటు కూడా దొరకదు.

సాయంత్రం యూనిస్‌లోనే లిబర్టీ థియేటర్‌లో సంగీతం షో చూశాం. బాగుంది.

తిండి గురించి ఒక మాట. శాకాహారులకి ఇక్కడ చాలా కష్టం. చిక్కుడు గింజల కూరలో కూడా పంది మాంసం వేస్తారు. మామగారు మేం తెచ్చుకున్న పులిహోరతోనే గడిపారు. నేను మాత్రం బ్రో బ్రిడ్జ్ అనే ఊళ్ళో 19 డాలర్లు పెట్టి క్రాఫిష్ (మంచినీటి రొయ్యలాంటిది) ఎటూఫే తిన్నాను. రొయ్యల వేపుడులో వెన్న వేసి అన్నంలో కలిపినట్టుంది, మళ్ళీ అయినా తింటాను.

ఆదివారం మధ్యాహ్నం బ్రో బ్రిడ్జ్‌లోనే లా పూసియేర్ అనే డాన్స్ హాలుకి వెళ్ళాం. ఇది 1955 నాటి హాలు. చెక్క నేల నున్నగా అరిగి ఉంది. మా బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ చిన్నప్పటి సంగతులు చెప్పింది. అప్పట్లో పిల్లల్ని కూడా తెచ్చి వెనక గదిలో పడుకోబెట్టి పెద్దవాళ్ళు ఆడేవారట. తర్వాత బార్లలోకి పిల్లల్ని రానివ్వడం మానేశారు. తాగి కారు నడిపితే కేసులు పెరిగాయి. కసీనోలు వచ్చాయి. ఉచిత ఫెస్టివల్స్‌లో పెద్ద బ్యాండులు వినడం అలవాటయ్యాక, వారం వారం ఆరేడు డాలర్లు ఇచ్చి హాలుకి వచ్చేవాళ్ళు తగ్గారు. జైడెకో కుర్రాళ్ళు ఇప్పుడు గుర్రాలెక్కి వెళ్ళే ట్రైల్ రైడ్స్‌లో ఆడుతున్నారు. ఆవిడ నన్ను లేపి టూ-స్టెప్ అనే జంట డాన్స్ నేర్పింది. డెబ్బై దాటినా ఆవిడ అడుగు తప్పలేదు.

సంగీతం బతికే ఉంది, హాళ్ళే తగ్గిపోతున్నాయి. బ్రో బ్రిడ్జ్‌లో జైడెకో బ్రేక్‌ఫాస్ట్‌కి (పాటలూ ఆటలతో శనివారపు ఫలహారం) పేరున్న కేఫ్ దేజమీ 2017లో మూతపడితే, ఆ శనివారపు ఆట పక్కనే ఉన్న బక్ అండ్ జానీస్ రెస్టారెంట్‌కి మారింది. అందుకే నా సలహా గట్టిగా చెబుతున్నా. అద్దె ఇళ్ళ ప్రకటనలు నమ్మకండి. హాలుకి ముందురోజు స్వయంగా ఫోన్ చెయ్యండి. దగ్గర్లోని లాఫయెట్ నగరంలో మామూలు హోటల్లో దిగండి, మేం అడిగితే 96 డాలర్లకే గది ఉందన్నారు. అక్కడినుంచి అన్ని ఊళ్ళూ గంట లోపే. చేతిలో చిల్లర నోట్లు ఉంచుకోండి, తలుపు దగ్గర అడిగిన డబ్బు బేరం లేకుండా ఇవ్వండి. ఫొటోలు తీసుకుని గంటలో వెళ్ళిపోకుండా ఒక్క పాటకైనా ఆడండి. మామగారు వచ్చే శీతాకాలంలో మళ్ళీ వెళ్దామంటున్నారు. ఈసారి హార్మోనియం కూడా కారులో పెట్టమన్నారు.