కీమో మధ్య రోజుల్లో: ఫోనులో డాక్టరా, పక్క వీధి వైద్యుడా?

క్యాన్సర్‌కు కీమో మందు ఎక్కించుకుని ఇంటికి వచ్చిన మూడో రోజు. వికారం, నోట్లో ఇనుము రుచి. ఆసుపత్రి నూరు కిలోమీటర్ల దూరం. అప్పుడు మొదలవుతుంది ఈ చర్చ: ఫోనులో డాక్టరును అడగాలా, పక్క వీధి మూలికల వైద్యుడి దగ్గరికి వెళ్ళాలా?

ఖర్చు: ఫోనులో డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని ఉచితం, కానీ అందులో దొరికేది మీ క్యాన్సర్ డాక్టరే కాకపోవచ్చు. లేహ్యాలు, చూర్ణాలకు నెలనెలా చేతి చమురు వదులుతుంది.

శ్రమ: ఫోనుకు సిగ్నల్ కావాలి, వీడియో కలిపిపెట్టే మనవడు కావాలి. వైద్యుడు నాడి పట్టుకుని తీరిగ్గా వింటాడు. ఈ ఒక్క విషయంలో ఫోను ఓడిపోయిందని ఒప్పుకుంటాను.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. చాలా కీమో మందుల భారం మోసేది కూడా ఆ కాలేయమే. "మూలికలే కదా" అంటారు. నిజమే, విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు మన పెరటి బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. అయితే దాన్ని మిల్లీగ్రాముల లెక్కన నరంలోకి ఎక్కిస్తారు. ఆకు నమిలితే ఆ లెక్క ఎక్కడిది? ఫోనుకూ లోపముంది: పొట్ట నొక్కి చూడలేదు.

మందుల సందేహాలకు, రిపోర్టులు చూపించడానికి ఫోను. వికారానికి అల్లం ముక్క, నిద్రకు ప్రాణాయామం లాంటివి డాక్టరుకు చెప్పి సంప్రదాయం నుంచి తీసుకోవచ్చు. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే రెండూ వద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికే. కషాయం ఇప్పటికే మొదలుపెట్టారా? సీసా మీది చీటీని ఫోటో తీసి మీ క్యాన్సర్ డాక్టరుకు పంపండి.