ఆటోమేటిక్ కారు: స్టార్ట్ చేసి కదిలించేంతవరకే ఈ సమీక్ష

ఆరు నెలలుగా నేను నడుపుతున్న కారు టార్క్ కన్వర్టర్ ఉన్న 6 గేర్ల ఆటోమేటిక్. మైలేజీ, సీట్లు, డిక్కీ గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక, ఏళ్ల తరబడి క్లచ్ తొక్కినవారిని మొదటి రోజు తికమకపెట్టే విషయానికి, అంటే బండిని స్టార్ట్ చేసి కదిలించడానికి మాత్రమే పరిమితమవుతాను.

ఇందులో తాళంచెవి తిప్పే పని లేదు, బటన్ నొక్కాలి. బ్రేకు తొక్కకుండా నొక్కితే డాష్‌బోర్డు దీపాలు వెలుగుతాయి, రేడియో పలుకుతుంది, ఇంజిన్ మాత్రం స్టార్ట్ కాదు. మొదటి రోజు నేను ఇలాగే మూడుసార్లు నొక్కి, బ్యాటరీ దిగిపోయిందేమోనని కంగారుపడ్డాను. కుడికాలితో బ్రేకు గట్టిగా తొక్కి, గేర్ లివర్ 'పి' (పార్క్)లో ఉందని చూసుకుని నొక్కితే వెంటనే అందుకుంటుంది. లివర్ 'పి'లో గానీ 'ఎన్' (న్యూట్రల్)లో గానీ లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కాకపోవడం, బ్రేకు తొక్కకపోతే లివర్ 'పి' నుంచి కదలకపోవడం మొదట్లో విసుగు పుట్టించాయి గానీ, బండి ఉన్నట్టుండి ముందుకు దూకకుండా కాపాడేవి ఆ రెండు అడ్డంకులే.

ఈ కారులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తరువాతి క్షణం. 'డి' (డ్రైవ్)లో వేసి బ్రేకును మెల్లగా వదిలితే, యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే బండి మనిషి నడక వేగంతో కదులుతుంది. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటుకు బదులు నూనె నిండిన టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజిన్ ఐడ్లింగులో ఉన్నా దాని వైపు రెక్కలు తిప్పిన నూనె అవతలి రెక్కలను నెడుతూనే ఉంటుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు: అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకు ఇచ్చిన హైడ్రమాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు కూడా నూనె ద్వారానే శక్తిని అందించింది. ఇరుకు సందుల్లోనూ, ట్రాఫిక్‌లోనూ బండిని బ్రేకు ఒక్కదానితోనే నడిపించవచ్చు. అయితే చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే కాస్త వేగంగా తిరుగుతుంది కనుక అప్పుడు ఈ నెట్టుడు కూడా బలంగా ఉంటుంది. ఆర్‌పీఎమ్ ముల్లు దిగేవరకు కొన్ని సెకన్లు ఆగి 'డి'లో వేయడం నాకు అలవాటైంది.

ఎడమకాలికి ఇక పని లేదు. ఈ మాట చెప్పినంత తేలిక కాదు. రెండో రోజు సిగ్నల్ దగ్గర పాత అలవాటు కొద్దీ లేని క్లచ్ కోసం ఎడమకాలు చాచి, వెడల్పుగా ఉన్న బ్రేకు పెడల్‌ను బలంగా తొక్కేశాను. పక్క సీటులో ఉన్నవారి ముఖం డాష్‌బోర్డు దాకా వెళ్లి వచ్చింది. ఎడమకాలిని ఫుట్‌రెస్టు మీద పెట్టి అక్కడే మరిచిపోవడం మంచిది.

కొనేముందు నడిపి చూసిన ఒక ఏఎమ్‌టీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) బండి ఎత్తు మీద బ్రేకు వదలగానే వెనక్కి జారింది. లోపల క్లచ్ ఉండి, దాన్ని మనకు బదులు యంత్రం తొక్కడమే ఆ రకం తీరు. ఈ కారులోని హిల్ హోల్డ్ సదుపాయం ఎత్తు మీద బ్రేకు వదిలాక కూడా బండిని సుమారు 2 సెకన్లు పట్టి ఉంచుతుంది, మామూలు ఎత్తుకు అది చాలు. కానీ ఏటవాలులో 'పి' ఒక్కదాన్నే నమ్మి నిలిపితే, మళ్లీ బయలుదేరేటప్పుడు లివర్ బిగుసుకుని 'టక్'మని వదులుతుంది, ఎందుకంటే బండి బరువంతా గేర్‌బాక్సులోని చిన్న కొక్కెం మీద పడి ఉంటుంది. ముందు పార్కింగ్ బ్రేకు వేసి, బరువు దాని మీదికి దిగాక 'పి'లో పెడితే ఆ చప్పుడు రాదు.

నా ఫిర్యాదు పార్కింగ్ బ్రేకు మీదే. అది ఎలక్ట్రానిక్ బ్రేకు; 'డి'లో వేసి యాక్సిలరేటర్ తొక్కితే దానంతటదే విడిపోతుంది, అయితే సీటుబెల్టు పెట్టుకుని ఉంటేనే. ఆ నిబంధన సబబే. బెల్టు పెట్టుకోనప్పుడు బండి ఎందుకు కదలడం లేదో చెప్పే సందేశం మాత్రం స్క్రీన్ మూలన, ఎండలో కనిపించనంత చిన్న అక్షరాలతో వస్తుంది.