2 ఎంజీ నికోటిన్ గమ్: పనిచేస్తుంది, కానీ ఎలా నమలాలో ఎవరూ చెప్పట్లేదు

సిగరెట్ మానాలనుకున్న మా బాబాయ్ కోసం గుంటూరు బ్రాడీపేటలో ఒక మెడికల్ షాపులో తీసుకున్నాం, 2 ఎంజీ, మింట్ ఫ్లేవర్, డాక్టర్ చీటీ అక్కర్లేదు. 5కి 4 ఇస్తా. ఆ ఒక్క మార్కు పోయింది గమ్ వల్ల కాదు, అమ్మేవాళ్ల వల్ల. షీటు చేతిలో పెట్టి డబ్బులు తీసుకుంటారు అంతే, ఎలా నమలాలో ఒక్క ముక్క చెప్పరు, జనం మామూలు చూయింగ్ గమ్ అనుకుని గబగబా నమిలేసి గొంతు మండింది, ఎక్కిళ్లొచ్చాయి, ఇది పనిచెయ్యదు అని పారేస్తారు. మా బాబాయ్ కూడా మొదట అదే అన్నాడు.

మెల్లగా నమలాలండి. నోట్లో ఘాటు తగలగానే ఆపేసి బుగ్గకీ చిగుళ్లకీ మధ్య పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ కాస్త నమిలి ఇంకో పక్కకి, అలా ఓ అరగంట. నికోటిన్ నోటి లోపలి పొర నుంచే రక్తంలోకి వెళ్లాలి, ఊటంతా మింగేస్తే చాలావరకు లివర్ దగ్గరే పోతుంది, మనకి మిగిలేది కడుపులో మంట. 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మసోడా ఏవీ తాగకూడదు, నోట్లో పులుపుంటే నికోటిన్ సరిగ్గా ఎక్కదు. మన ఎండలకి సోడా మానమంటే కష్టమే, కానీ ఆ కాసేపే కదా.

మానేసినోళ్లకి అంత చిరాకు ఎందుకొస్తుందో ఇంట్లోవాళ్లకి తెలియాలి, అందుకే ఇది కూడా రాస్తున్నా. మన మెదడులో ఎసిటైల్‌కోలిన్ అని ఒక కెమికల్ తయారవుతుంది, దాన్ని అందుకోడానికి కణాల మీద రిసెప్టర్లుంటాయి, ఒక్కోటి ఐదు ప్రోటీన్ ముక్కలు గుండ్రంగా చేరి మధ్యలో దారి వదిలినట్టుంటుంది, కెమికల్ తగలగానే కాలువ తూము ఎత్తినట్టు తెరుచుకుని సోడియం, కాల్షియం లోపలికి పోతాయి. ధ్యాస, జ్ఞాపకం వీటన్నిటికీ ఇవి కావాలి. నికోటిన్ కూడా వీటినే తెరుస్తుంది, ముఖ్యంగా ఆల్ఫా4బీటా2 అనే రకాన్ని, దాంతో డోపమైన్ విడుదలై హాయిగా ఉంటుంది. పొగ పీలిస్తే 10-20 సెకన్లలోనే మెదడుకి చేరిపోతుంది, గమ్ అంత స్పీడు కాదు, మెల్లగా ఎక్కుతుంది, అందుకే దీనికి అలవాటుపడే ప్రమాదం తక్కువ. ఏళ్ల తరబడి తాగితే ఈ రిసెప్టర్ల సంఖ్య పెరిగిపోతుంది, మానేశాక వాటికి నికోటిన్ అందదు, ఆ చిరాకు అందుకే, అవి మామూలు స్థాయికి రావడానికి 6 నుంచి 12 వారాలు పడుతుందని బ్రెయిన్ స్కాన్లలో చూశారు. గమ్ కూడా 12 వారాల్లో తగ్గించుకుంటూ ఆపమంటారు, కాస్త బాగుంది కదా అని మధ్యలో వదిలెయ్యకండి.

మిర్చి యార్డులో ఎవరో సిగరెట్ తాగితే మతిమరుపు రాదని చెప్పారంట బాబాయ్‌కి. అల్జీమర్స్‌లో ఈ రిసెప్టర్లూ ఎసిటైల్‌కోలినూ తగ్గుతాయి, అది నిజమే, డోనెపెజిల్ మాత్ర ఆ ఎసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా చూస్తుంది, కానీ సిగరెట్ మాత్రం మతిమరుపు జబ్బు రిస్కు పెంచేదే. దయచేసి ఇలాంటి మాటలు నమ్మి మళ్లీ మొదలుపెట్టకండి.

బాబాయ్ టిఫిన్ అయ్యాకే మొదటి సిగరెట్ వెలిగించే మనిషి, అందుకని 2 ఎంజీ సరిపోయింది, ఇప్పుడు పెట్టె కొనడం ఆపేశాడు, పిన్ని ముఖంలో ఆ తేడా తెలుస్తోంది. నిద్రలేచిన అరగంటలోపే వెలిగించేవాళ్లకి 4 ఎంజీ కావాలి, అది డాక్టర్‌ని అడిగే తీసుకోండి. కట్టుడు పళ్లుంటే గమ్ అంటుకుంటుంది. గమ్‌తో అవ్వకపోతే వారెనిక్లిన్ అని మాత్ర ఉంది, ఆ ఆల్ఫా4బీటా2 మీదే కూర్చుని సగం మాత్రమే పనిచేయిస్తుంది, నికోటిన్‌కి చోటివ్వదు, అది కూడా డాక్టర్ చెప్తేనే. షాపులో ఏమీ చెప్పకపోతే 1800-11-2356కి చెయ్యండి, పొగాకు మానేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన లైన్, ఫ్రీ.