సూర్యలంక తీరంలో మూడు రోజులు: ఈత అంటే ప్రాణమిచ్చే పిల్లలతో ఒక రిసార్ట్ అనుభవం

మా పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు అయిదేళ్ళు. ఇద్దరూ కిందటి వేసవిలో హైదరాబాదులో మా ఇంటి దగ్గరి కొలనులో ఈత నేర్చుకున్నారు. పాప ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఆగకుండా ఈదగలదు. బాబు నాలుగైదు బారలు వేసి గోడ పట్టుకుంటాడు. సెలవులకు ఎక్కడికి వెళ్దామని అడిగితే ఇద్దరిదీ ఒకటే మాట, నీళ్ళున్న చోటికి. అందుకే ఈ ఫిబ్రవరిలో ఒక గురువారం నుంచి శనివారం దాకా బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో ఒక ప్రైవేటు రిసార్ట్‌లో గడిపి వచ్చాం. అద్దె రాత్రికి 6,500 రూపాయలు, ఉదయం టిఫిను అందులోనే. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవి, ఏసీ బాగా పనిచేసింది. గది గురించి ఇంతకు మించి రాయవలసింది లేదు. ఈత పిచ్చి ఉన్న పిల్లలను తీసుకుని వెళ్ళేవారికి మంచం మెత్తదనం కంటే నీటి సంగతే ముఖ్యం కనుక నేను ప్రధానంగా దాని గురించే రాస్తున్నాను.

సూర్యలంకనే ఎంచుకోవడానికి కారణం ఉంది. విశాఖపట్నం వైపు తీరంలో చాలాచోట్ల నాలుగడుగులు వేసేసరికే లోతు వచ్చేస్తుంది. ఇక్కడ నేల మెల్లగా వాలుతుంది, ఒడ్డు దగ్గర లోతు తక్కువ. విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే రైలు మార్గంలో బాపట్ల స్టేషను ఉంది, అక్కడి నుంచి తీరం సుమారు 9 కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. కాలం మాత్రం చూసుకుని వెళ్ళాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి తుపాన్ల భయం ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. కార్తిక పౌర్ణమికి సముద్ర స్నానాల కోసం వచ్చే జనంలో చిన్నపిల్లలను కనిపెట్టుకుని ఉండడం ఎంతో కష్టం. ఫిబ్రవరిలో అయితే ఎండ తట్టుకోగలిగినంతే ఉంటుంది, పనిదినాల్లో తీరం దాదాపు ఖాళీగా ఉంటుంది.

మొదటి ఉదయం సూర్యోదయానికి ముందే పిల్లలు లేచి కూర్చున్నారు. రిసార్ట్ వెనుక సరుగుడు తోపు దాటితే ఇసుక మొదలవుతుంది. తడి ఇసుక మీద ఎర్రని ఎండ్రకాయలు పదుల సంఖ్యలో పరుగెత్తుతూ, మా అడుగుల చప్పుడుకు ఒక్కసారిగా బొరియల్లోకి మాయమయ్యాయి. బాబు ఒక బొరియ ముందు బోర్లా పడుకుని, అందులోంచి రెండు కళ్ళు కాడల మీద పైకి లేచేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. ఈత మరిచిపోయి అరగంట సేపు వాడు చేసిన పని అదొక్కటే. సూర్యోదయం ఖర్చు లేకుండా దొరికే వేడుక. దానికోసం మాత్రం పిల్లలను నిద్ర లేపవచ్చు.

ఆ వేళలోనే వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మా పాప నీళ్ళలోకి పరుగెత్తడం చూసి, "అమ్మా, అటు పంపకండి, అల విరగని చోట పిల్లల్ని దించకూడదు" అన్నారు. ఆయన చూపించిన చోట నీళ్ళు అటూ ఇటూ ఉన్నవాటి కంటే ప్రశాంతంగా కనిపించాయి. నేనైతే అదే మంచి చోటు అనుకునేదాన్ని. అలలు ఒడ్డుకు తోసుకొచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవాలి గదా, ఆ నీరు ఇసుక తిన్నెల మధ్య సందు చూసుకుని ఒక పాయగా లోపలికి లాగుతుంది. ఆ పాయ మీద అల విరగదు, నురగ వెనక్కి పోతూ ఉంటుంది, నీటి రంగు కొంచెం ముదురుగా ఉంటుంది. అందులో చిక్కుకున్నవారు ఒడ్డు వైపుకే ఈదాలని పెనుగులాడి అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయలోంచి బయటపడితే అలలే ఒడ్డుకు తెస్తాయి. ఇది పాపకు ఇసుక మీద పుల్లతో గీసి చెప్పాం. లోతు తక్కువన్న పేరున్న ఈ తీరంలో కూడా మునిగిపోయినవారి వార్తలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. అందుకే కొలనులో ఎంత బాగా ఈదే పిల్లలైనా సముద్రంలో మా చెయ్యి అందే దూరం దాటకూడదని, నీళ్ళు వాళ్ళ నడుము మించకూడదని నియమం పెట్టుకుని మూడు రోజులూ పాటించాం. గాలి ఊదే ట్యూబులను సముద్రంలోకి అసలు తీసుకుపోలేదు. పొద్దున్నే గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంటుంది, తేలిక ట్యూబు క్షణాల్లో లోపలికి కొట్టుకుపోతుంది.

ఇక కొలను. దూరం నుంచి చూడముచ్చటగా ఉంది, చుట్టూ కొబ్బరి చెట్లు, నీలం పలకలు, పక్కనే రెండడుగుల లోతున్న పిల్లల కొలను. పెద్ద కొలను ఒక వైపు మూడడుగులతో మొదలవుతుంది. నడిమధ్య నుంచి నేల ఒక్కసారిగా వాలి అయిదడుగుల లోతుకు దిగుతుంది. లోతు రాసిన అంకెల రంగు పూర్తిగా వెలిసిపోయింది, వాలు మొదలయ్యే చోట తాడు లేదు. గురువారం సాయంత్రం బాబు మూడడుగుల చోట గంతులు వేస్తూ, ఒక గంతుకు వాలు మీద కాలు పెట్టాడు. అరుపు లేదు, నీళ్ళు చిమ్మలేదు, చేతులూపడం కూడా లేదు. నోరు నీటి మట్టానికి వచ్చింది, కళ్ళు పెద్దవయ్యాయి, తల వెనక్కి వాలింది. పక్కనే నీళ్ళలో ఉన్న మా వారు రెండు అడుగుల్లో అందుకుని పైకెత్తారు. మొత్తం మూడు, నాలుగు సెకన్లు కూడా పట్టి ఉండదు. నేను గట్టు మీద కూర్చుని వాడినే చూస్తున్నాను, అయినా నాకు విషయం అర్థమయ్యేసరికి వాడు వాళ్ళ నాన్న భుజం మీద ఉన్నాడు. మునిగే పిల్లలు కేకలు వేయరని ఈత నేర్పిన గురువు చెప్పిన మాట అప్పుడు కళ్ళారా చూశాను.

కొలను దగ్గర నియమించిన అబ్బాయిని నీకు ఈత వచ్చా అని అడిగాను. రాదని నిజమే చెప్పాడు. తువ్వాళ్ళు ఇవ్వడం, టీ అందించడం, రాత్రి కొలను కడగడం అతని పనులు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, పిల్లలతో ఎంతో ఆప్యాయంగా ఉన్నాడు. ఫిర్యాదంతా అతన్ని అక్కడ నిలబెట్టి అదే కాపలా అనుకున్న యాజమాన్యం మీద. మేనేజరు గారితో మాట్లాడితే ఆయన ఓపికగా విన్నారు, మరుసటి ఉదయానికి వాలు దగ్గర అడ్డంగా ఒక తాడు కట్టించారు, రెండు లైఫ్ జాకెట్లు గట్టు మీద పెట్టించారు. ఆ స్పందనను మెచ్చుకుంటాను. అయినా ఒక అతిథి అడిగేదాకా ఆగవలసిన పనులు కావివి.

శుక్రవారం నీళ్ళు ఘాటుగా వాసన వేశాయి, గంటలోనే పిల్లల కళ్ళు ఎర్రబడ్డాయి. ముందు రాత్రి క్లోరిన్ ఎక్కువ పడిందని చెప్పారు. సముద్రం నుంచి వచ్చేవారు ఒళ్ళు కడుక్కోవడానికి తోపు గేటు దగ్గర కుళాయి లేకపోవడం కూడా ఒక కారణమై ఉండవచ్చు. అందరూ ఇసుకతో, ఉప్పుతో నేరుగా కొలనులో దిగుతున్నారు, మురికి పెరిగేకొద్దీ మందు పెంచవలసి వస్తుంది. ఒక షవర్ పెట్టిస్తే తీరే సమస్య.

భోజనం బాగుంది. రొయ్యల వేపుడు, చేపల పులుసు రుచిగా చేశారు. కానీ రాత్రి భోజనం ఎనిమిదింటికి గానీ మొదలు కాదు. రోజంతా ఈదిన పిల్లలు ఆరింటికే ఆకలితో ఏడుపు ముఖం పెడతారు. వంటగదిలో ఉన్న పెద్దమ్మ అది చూసి, ఎవరూ అడగకుండానే వేడి అన్నం, పప్పుచారు, గడ్డ పెరుగు రెండు గిన్నెల్లో తెచ్చి పెట్టారు. రెండో రోజు కూడా సరిగ్గా ఆరింటికి అదే చేశారు. ఆ రిసార్ట్‌లో మా పిల్లలు ఇప్పటికీ గుర్తు చేసుకునేది ఆమెనే.

శనివారం తీరం వేరే తీరంలా మారిపోయింది. పదింటికల్లా బస్సులు, కార్లు వరుసకట్టాయి, లోపలికి పోతున్న కుర్రవాళ్ళను వెనక్కి పిలుస్తూ పోలీసుల ఈలలు ఆగకుండా మోగాయి. అంత రద్దీలో పిల్లలను నీళ్ళలోకి దించలేదు. మధ్యాహ్నం బాపట్లలో భావనారాయణస్వామి గుడి చూసుకుని సాయంత్రం రైలెక్కాం.

నెల తరువాత రిసార్ట్‌కు ఫోన్ చేశాను, ఏప్రిల్ సెలవులకు గదులు అడుగుదామని. లోతు అంకెలు కొత్తగా రాయించామని, షవర్ పని నడుస్తోందని మేనేజరు గారు చెప్పారు. ఈత వచ్చిన మనిషిని పెట్టారా అంటే, ఇంకా దొరకలేదన్నారు. ఒడ్డునే అంతమంది బెస్తవారి కుటుంబాలున్న ఊళ్ళో ఈత వచ్చిన మనిషి దొరకకపోవడం నాకు సమ్మతంగా అనిపించలేదు. ఆ మాటే ఆయనకు చెప్పి, పెట్టిన రోజు తెలియజేయమని కోరాను. గది ఇంకా తీసుకోలేదు.