జాతర రోజుల్లో అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు, మేడ మీద అమ్మోరు

ఒడిశా బరంపురంలో పాత బస్టాండ్ వైపు ప్రొజెక్టర్లు, స్పీకర్లు అద్దెకిచ్చే చిన్న షాపు ఒకటుంది. ఈసారి ఠాకురాణి జాతరకు సెలవు పెట్టి భువనేశ్వర్ నుంచి ఇంటికొచ్చినప్పుడు ఒక రాత్రికని అక్కడ తీసుకున్నాను. ప్రొజెక్టరు, స్టాండు, పెద్ద స్పీకరు కలిపి రోజుకు 800, డిపాజిట్ 2,000, ఆధార్ జిరాక్స్. ఎందుకు తీసుకున్నానో చెప్తేనే ఈ రివ్యూ అర్థమవుతుంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మాది నేత కుటుంబం, దేశిబెహరా వీధికి దగ్గర్లోనే ఇల్లు. రెండేళ్లకోసారి చైత్రంలో మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి పుట్టింటికని ఆ వీధికే వస్తుంది, రాత్రిళ్లు ఘటాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు ఊరేగింపుగా తిరుగుతారు, పులి వేషాలు ఒకవైపు, డప్పులు ఒకవైపు. మా నానమ్మ ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క జాతరా వదల్లేదు. ఈసారి మోకాళ్లు సహకరించక గుమ్మం దిగలేకపోయింది. "అమ్మ మన వీధి చివరిదాకా వచ్చినా నేను ఎదురెళ్లలేకపోయానే" అని రోజూ ఒకటే బాధ. అప్పుడు అనుకున్నాను, మేడ మీద దుప్పటి కట్టి తనకు 'అమ్మోరు' సినిమా వేసి చూపిద్దామని.

షాపులో కుర్రాడు "ఏం సినిమా వేస్తున్నారక్కా?" అని అడిగితే నోటికి పేరు రాలేదు. "ఏదో పాత సినిమాలే" అన్నాను. "జాతరప్పుడు అందరూ అలాగే చెప్తారక్కా, అమ్మోరే కదా, అయితే చిన్న స్పీకరు చాలదు" అని లోపలికెళ్లి పెద్దది తెచ్చాడు. నాకు నిజంగా మనసు చివుక్కుమంది, అతని మాటకు కాదు, నేను పేరు దాచినందుకు. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఇంతే. ఇష్టమైన సినిమా ఏదంటే సబ్‌టైటిల్స్‌తో చూసిన మలయాళం సినిమా పేరేదో చెప్పేదాన్ని. రూమ్‌లో అందరూ 'పల్నాటి బ్రహ్మనాయుడు'లో తొడ కొడితే రైలు వెనక్కి వెళ్లే ముక్క పెట్టుకుని నవ్వుతుంటే, పూనకం సీను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుందని ఎలా చెప్తాను? కానీ ఆ నవ్వేవాళ్లలో మా ఊరి అమ్మాయిలూ ఉన్నారు, జాతరకు ఘటం ఎత్తి ఉపవాసం ఉండేవాళ్లు. వీధిలో అమ్మవారికి దండం పెట్టి, తెర మీద కనిపిస్తే సిగ్గుపడాల్సిన అవసరం ఏముందో నాకు అర్థం కాదు.

ఇక వస్తువు సంగతి. బొమ్మ బాగుంది, కానీ చీకటి పడేదాకా పెట్టొద్దు. ఏప్రిల్లో ఏడు దాటితే గానీ తెల్ల దుప్పటి మీద రంగులు తేలవు. మేము ఆరున్నరకే మొదలుపెట్టి టైం పోగొట్టుకున్నాం. మొదట బ్లూటూత్‌తో స్పీకరు కలిపాం, పెదవులు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వస్తోంది. ఫోన్ చేస్తే అరగంటలోపే కుర్రాడు వైరు పట్టుకుని వచ్చాడు, వైరు పెట్టాక తేడా పోయింది. మీరు మొదటే వైరు అడిగి తీసుకోండి. ఇంకోటి, కొన్ని ఓటీటీ యాప్‌లు ఫోన్ నుంచి మిర్రరింగ్ చేస్తే తెర నల్లగా అయిపోతుంది, మాట మాత్రమే వినిపిస్తుంది. ల్యాప్‌టాప్, హెచ్‌డీఎంఐ కేబుల్ అయితే మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఒక్క విషయం మాత్రం నచ్చలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు లెన్స్ మీద గీత ఉందని 200 పట్టుకున్నారు, ఆ గీత ముందే ఉంది. తీసుకునేటప్పుడే లెన్స్ ఫొటో తీసి పెట్టుకోండి.

సినిమా 1995ది. కోడి రామకృష్ణ డైరెక్టరు, శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాత, తర్వాత 2009లో 'అరుంధతి' తీసింది కూడా వీళ్లే. ఆ గ్రాఫిక్స్ ఇప్పటి పిల్లలకు ఆనవని తెలుసు, మా తమ్ముడి కొడుకు కూడా మొదట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. కామెడీ అక్కడక్కడ సాగింది. గోరఖ్‌గా రామిరెడ్డి క్షుద్రపూజల సీన్లు చిన్న పిల్లలకు భయంగా ఉంటాయి, ఐదారేళ్ల వాళ్లుంటే చూసుకోండి. కానీ ఈ సినిమాను నిలబెట్టింది గ్రాఫిక్స్ కాదు, సౌందర్య. దిక్కులేని భవానిగా అమ్మవారి ముందు నిలబడి సొంత తల్లితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది, ఎక్కడా నటిస్తున్నట్టుండదు. ఆ అమ్మవారు చిన్నపిల్లగా, పనిపిల్ల వేషంలో భవాని ఇంట్లోకి వస్తుంది చూడండి, అక్కడి నుంచి నానమ్మ మాటలు మొదలయ్యాయి. "ఆ పిల్లను పని చెయ్యమంటున్నారే, ఎవరనుకుంటున్నారే" అని తెర వైపు చూసి కోప్పడుతూనే ఉంది.

క్లైమాక్స్‌కు గాలి లేచింది. దుప్పటి కింది అంచుకు ఇటుకలు పెట్టాం, పక్కల పిన్నీసులు గుచ్చాం, అయినా మధ్యలో ఉబ్బుతూనే ఉంది. అమ్మోరుగా రమ్యకృష్ణ ఉగ్రరూపంతో వచ్చేసరికి గాలికి ఆ పెద్ద కళ్లు ఊపిరి తీస్తున్నట్టు కదిలాయి. నానమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. "మోకాళ్లు నానమ్మా" అంటే వినలేదు, నా భుజం ఆసరాతో కిందికి జారి నేల మీద కూర్చుంది. అమ్మవారు ఎదురుగా ఉంటే కుర్చీలో కూర్చుంటారా అంది. కొంగు తల మీదికి లాక్కుని రెండు చేతులూ జోడించింది, ఆ వేళ్లు వణకడం నాకు దగ్గరగా కనిపించింది. పక్కింటి ఒడియా మావుసీకి తెలుగు ముక్క రాదు, ఆవిడా లేచి నిలబడి దండం పెట్టింది. ఫోన్ పట్టుకున్న పిల్లాడు అది పక్కన పెట్టేశాడు. నేను ఏడ్చాను. ఇన్నేళ్లు ఈ సినిమా నాది కాదన్నట్టు తిరిగాను కదా అనిపించింది.

మర్నాడు మావుసీ తన కోడలికి కూడా చూపించాలంది. షాపుకు ఫోన్ చేస్తే రెండో రోజుకు 500 చాలన్నారు. 200 సంగతి పక్కన పెడితే ఆ కుర్రాడి ఓపికకు, పిలిస్తే వచ్చే పద్ధతికి 5కి 4 ఇస్తాను. జాతర చివరి రోజుల్లో అయితే నాలుగు రోజుల ముందే చెప్పి పెట్టుకోండి. ఏం సినిమాకని అడిగితే పేరు చెప్పండి, దానికి తగ్గ స్పీకరు వాళ్లే చూసి ఇస్తారు.